గ్యాలప్‌లో తగ్గిన గంట

మనవాళ్లు ఇంటర్‌స్టేట్ నలభై హైవే మీద వెళ్తే గ్రాండ్ క్యానియన్ దగ్గర దిగి ఫొటోలు తీసుకుని వస్తారు. మేం దాని బోర్డు పక్కనుంచే వెళ్లాం, కారు ఆపలేదు. కాబట్టి క్యానియన్ కోసం ఇది చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నవంబరు మొదటి వారాంతంలో, గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పే ఆదివారాన్ని మధ్యలో పెట్టుకుని, కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి టెక్సస్‌లోని అమరిల్లో దాకా నేనూ భాస్కరూ చేసిన ప్రయాణం ఇది. మూడు రోజులూ ఆకాశం నిర్మలంగా ఉంది. మా ఇద్దరికీ అది పట్టలేదు.

శాన్ రామన్

భాస్కర్‌ది నల్గొండ దగ్గర పల్లె. నాకంటే పదేళ్లు చిన్న. మా వీధిలోనే ఉంటాడు, ఇరవై ఏళ్ల స్నేహం. యాభై ఒకటో ఏట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. ఏడాదిపాటు ఇంటర్వ్యూలకి తిరిగాడు, ఎవరూ తీసుకోలేదు. ఒకరోజు మా ఇంటికొచ్చి, లారీ నడపడం నేర్చుకుంటున్నానన్నాడు. నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. ఆరు నెలల్లో లైసెన్సు తెచ్చుకుని ఒక చిన్న కంపెనీలో చేరాడు. కాలిఫోర్నియా కూరగాయలు టెక్సస్‌కి చేర్చేవాడు. కోడ్ రాసినన్నాళ్లూ ఇంత సుఖంగా లేనని చెప్పేవాడు.

పోయిన మార్చిలో, గడియారాలు ముందుకి తిప్పిన ఆదివారం, న్యూ మెక్సికోలో అతని ట్రక్కు ముందున్న పికప్‌ని గుద్దింది. అందులో ఉన్నాయన అక్కడికక్కడే చనిపోయాడు. ఆయన భార్య కేసు వేసింది. మేం వెళ్తున్నది అమరిల్లోలో సోమవారం జరిగే డిపోజిషన్‌కి. అంటే రెండు పక్షాల లాయర్ల ముందు, కోర్టు బయట, ప్రమాణం చేసి చెప్పే వాంగ్మూలం. భాస్కర్ లైసెన్సు, బతుకుతెరువు, పరువు, అన్నీ దానిమీదే ఉన్నాయి. ప్రమాదం తర్వాత అతను స్టీరింగ్ ముట్టలేదు, విమానం ఎక్కమంటే వద్దన్నాడు, తను వెళ్లిన దారినే వెళ్లాలన్నాడు. అందుకని కారు నాది, నడిపేది నేను.

తగువంతా ఒక గంట గురించి. ఇక్కడ ప్రతి ట్రక్కులోనూ లాగ్ మెషీన్ ఉంటుంది. ఇంజనుకి తగిలించి ఉంటుంది కాబట్టి చక్రం కదిలితే దానికి తెలిసిపోతుంది. పదకొండు గంటలు నడిపాక పది గంటలు విశ్రాంతి తీసుకుంటేగానీ మళ్లీ నడపకూడదు. ఆ శనివారం భాస్కర్ గ్యాలప్‌లో రాత్రి ఎనిమిదికి విశ్రాంతి మొదలుపెట్టి పొద్దున ఆరుకి లేచాడు. గడియారాల లెక్కన పది గంటలు. మెషీన్ మాత్రం తొమ్మిదే అంది. మధ్యలో రెండు గంటలప్పుడు గడియారం ఒక గంట ముందుకి జరిగింది కదా, మెషీన్ చెప్పిందే నిజం. భాస్కర్ లాగ్ దిద్ది, ఆ లోటు పూడ్చి, బండి తీశాడు.

దిద్దమని చెప్పింది నేను. ఆ పొద్దున అతను ఫోన్ చేసింది నాకే. ఆ మాట లాయర్లకి తెలియదు, మా ఇళ్లలో తెలియదు. కారులో ఉన్న మా ఇద్దరికే తెలుసు.

బార్‌స్టో దాటాక

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. బేకర్స్‌ఫీల్డ్ దాకా బాదం తోటలు, ఆ తర్వాత కొండలు, ఆ తర్వాత ఏమీ లేదు. భాస్కర్ ట్రక్కులు చూస్తూ కూర్చున్నాడు. "రీఫర్," "ఫ్లాట్‌బెడ్," "ఖాళీగ పోతున్నది," అని తనలో తను చెప్పుకుంటున్నాడు. రీఫర్ అంటే సరుకు చల్లగా ఉంచే యంత్రం బిగించిన ట్రెయిలర్.

బార్‌స్టో దాటి గంట పోయాక ఒక పెట్రోల్ బంకు వెనక పంజాబీ ఢాబా ఉంది. మనకి హైవే మీద ఉడిపి హోటల్ ఎలాగో ఇక్కడ ట్రక్కువాళ్లకి ఇవి అలాగ. రెండు ఆలూ పరాఠాలు, గిన్నెడు పెరుగు, మామిడికాయ అచార్ కలిపి పద్నాలుగు డాలర్లు. పరాఠా అరచెయ్యంత మందం, వెన్న కారిపోతోంది. మా ఆవిడ చూస్తే ప్లేటు లాక్కునేది. టీ పాత్ర పక్కన మూడు భాషల్లో కాగితం అంటించారు: డ్రైవర్లకి టీ ఉచితం.

కౌంటర్ దగ్గరున్న ఆవిడ భాస్కర్ని చూసి హిందీలో అడిగింది, "డ్రైవరే కదా భయ్యా?"

భాస్కర్ కాదన్నాడు. టీకి రెండు డాలర్లు తీసి ఇచ్చాడు.

పక్క బల్ల దగ్గర నీలం తలపాగా పెట్టుకున్న పెద్దాయన తింటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ రోడ్డు మీదే ఉన్నానన్నాడు. మాటల్లో ఎల్లుండి గడియారం మారుతుందని తనే ఎత్తాడు.

"నవంబరుది మంచిది. ఒక గంట ఎక్కువ పడుకోవచ్చు. మార్చిదే చెడ్డది," అన్నాడు. "కాగితం మీద రాసేటప్పుడు మేం గీత గీసి, ఈ రోజుకి ఇరవై మూడు గంటలే అని పక్కన రాసుకునేవాళ్లం. ఇప్పుడా పని మెషీన్ చేస్తుంది."

నేనుండలేక అడిగాను, "మెషీన్ తక్కువ చూపిస్తే ఏం చేస్తారు సర్దార్జీ?"

"ఏం చేస్తాను? ఇంకో గంట పడుకుంటాను," అని ఆయన పరాఠా తుంచుకున్నాడు.

ఇంత తేలిక జవాబు ఆ పొద్దున నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లు జీతాల సాఫ్ట్‌వేర్‌లో తేదీలు, వేళల కోడ్ రాశాను. మార్చి వస్తే ఏదో ఒకటి విరిగేది, పిలిస్తే వెళ్లి బాగుచేసేవాణ్ని. ఎవరింట్లో గడియారం తప్పినా నాకు ఫోన్ చేసేవాళ్లు, అందుకు గర్వపడేవాణ్ని. అక్కడ ఆరయితే మాకు ఐదు; పొద్దున ఐదింటికి భాస్కర్ ఫోన్ చేసి "మిషిన్ తొమ్మిదే అంటున్నదన్నా" అనగానే, దుప్పట్లోంచే "అది బగ్గయ్యా, ప్రోగ్రాంలో తప్పు" అనేశాను. సర్దార్జీకి అది నిద్ర. నాకు బగ్గు. భాస్కర్ కూడా ఒకప్పుడు కోడ్ రాసినవాడే కాబట్టి నమ్మాడు.

మిగిలిన పరాఠా తినలేకపోయాను. పొట్లం కట్టించి కారులో పెడితే కింగ్‌మన్ చేరేదాకా వాసన వస్తూనే ఉంది.

అరిజోనా

శనివారం ఫ్లాగ్‌స్టాఫ్‌లో గట్టి చలి. అక్కడినుంచి తూర్పుకి చెట్లు తగ్గి, నేల ఎర్రబడి, రాయలసీమలో ఎండాకాలం వెళ్తున్నట్టుంటుంది, చలి తప్పించి.

ఈ రాష్ట్రం గడియారాలు మార్చదు. కానీ ఈశాన్య మూలనున్న నావహో అనే ఆదివాసీ జాతివాళ్ల భూమిలో మారుస్తారు. ఆ భూమి అంచున నా ఫోను పదకొండు చూపించి, పన్నెండు చూపించి, మళ్లీ పదకొండుకి వచ్చింది. రోడ్డు దిగి ఒక ఖాళీ స్థలంలో ఆగాం. వ్యాన్ వెనక తలుపు తెరిచి ఒక నావహో పెద్దావిడ వేయించిన రొట్టె, గొర్రెమాంసం పులుసు అమ్ముతోంది. రొట్టె మన భటూరా లాగే ఉంటుంది, కాస్త బిరుసు. పులుసులో ఉప్పు తప్ప మసాలా లేదు. ఇద్దరికీ ఇరవై రెండు డాలర్లయింది.

ఇప్పుడు టైమెంతని అడిగాను.

"నాదా, అవతలివాళ్లదా?" అంది ఆవిడ నవ్వకుండా. "మా అమ్మాయి పనిచేసే చోట ఒకటి, మనవడి బడిలో ఒకటి. నేను పులుసు అయిపోయాక ఇంటికి పోతాను."

కారెక్కాక నాకు ఉపన్యాసం ఊపొచ్చింది. అరుణాచల్ నుంచి గుజరాత్ దాకా మనకి ఒకటే టైమనీ, ఇక్కడ ఒక్క రాష్ట్రంలో రెండనీ, ఈ గంట తిప్పుడు ఎవరి బుర్రలో పుట్టిందోననీ మొదలుపెట్టాను. భాస్కర్ పది మైళ్లు విన్నాడు.

"అన్నా, చాలు. టైమ్ గురించి నువ్వు మాట్లాడకు."

ఇరవై ఏళ్లలో అతను నాతో అలా అనలేదు. అన్నదీ కోపంగా కాదు.

గ్యాలప్

గ్యాలప్ రైలు పట్టాల వెంట పొడుగ్గా ఉన్న ఊరు. వెండి నగలు, నీలిపచ్చ టర్కాయిజ్ రాళ్లు అమ్మే కొట్లు, తాకట్టు దుకాణాలు. చీకటి పడకముందే మోటెల్‌లో దిగాం. వెనకే ట్రక్ స్టాప్. భాస్కర్ నన్ను అక్కడికి నడిపించుకెళ్లి, ఒక తెల్లగీతల గడి చూపించాడు. ఆ సాయంత్రం అందులో వేరే ట్రక్కు ఉంది. కిటికీలో ఎవరివో తడి బనియన్లు ఆరేసి ఉన్నాయి.

"ఈడనే పెట్టిన. ఏడింటికి వచ్చిన. డీజిల్ కొట్టిచ్చి, టైర్లు చూసుకునే సరికి ఎనిమిదైంది."

ఆ ఏడు నుంచి ఎనిమిది దాకా గంటే మేం దిద్దింది. చక్రాలు తిరిగిన సమయాన్ని మెషీన్ మార్చనివ్వదు. కానీ బండి నిలబెట్టి పనిచేసిన సమయాన్ని, కారణం రాసి, విశ్రాంతిగా, అంటే ట్రక్కులో పడుకునే స్లీపర్ పద్దు కిందికి, మార్చుకోనిస్తుంది. నిజంగా తప్పు పడినప్పుడు దిద్దుకోవడానికి అది. "ఆ గంటని స్లీపర్ కిందికి మార్చు, లెక్క సరిపోతుంది," అన్నాను. కారణం ఏం రాయాలన్నాడు. "టైమ్ చేంజ్ కరెక్షన్ అని రాయి," అన్నాను. మొత్తం పదకొండు నిమిషాలు మాట్లాడాం. అమరిల్లో గిడ్డంగిలో రెండింటికి సరుకు దించాలి, ఆ వేళ దాటితే మర్నాటిదాకా ఆగాలి. తొందర అతనిది, తెలివి నాది.

"ఎడమపక్కన రీఫర్ ఉండె," అన్నాడు భాస్కర్ ఆ గడినే చూస్తూ. "రాత్రంత మోగింది. నీకు ఆ పొద్దున చెప్పిన గదన్నా."

చలిగా ఉంది, లోపలికి పోదామన్నాను.

అదనపు గంట

ఆదివారం నేను లేచి, గ్యాలప్ టైముకి మార్చుకున్న చేతి గడియారం చూసుకుని, ఏడయిందని భాస్కర్ని తీసుకుని టిఫిన్ గదికి వెళ్తే తలుపు వేసి ఉంది. తడిగుడ్డతో నేల తుడుస్తున్నావిడ గోడ గడియారం చూపించింది. ఆరు. జీవితమంతా వేళల కోడ్ రాసినవాణ్ని, నా గడియారం నేను వెనక్కి తిప్పుకోలేదు.

"మీకు గంట ఊరికే వచ్చింది. కూర్చోండి," అని ఆవిడ రెండు కుర్చీలు దించింది.

కూర్చున్నాం. ఆ గంటకన్నా పొడుగైన గంట నాకు తెలియదు. భాస్కర్ మోచేతులు బల్లమీద పెట్టుకుని గోడ గడియారాన్నే చూస్తున్నాడు. ముల్లు కదిలినప్పుడల్లా అతని దవడ కదులుతోంది. ఇరవై నిమిషాలయ్యాక నేనే అన్నాను.

"రేపు నా పేరు చెప్పు భాస్కర్."

"చెప్పి?"

"నేను చెప్పానని తెలుస్తుంది. దొంగలెక్క రాశావని అనుకోరు."

"నేనేమన్న చిన్నపిల్లగాన్నా అన్నా? దిద్దిన వేలు నాది. నడిపిన కాలు నాది." మోచేతులు బల్లమీంచి తీశాడు. "నువ్వొచ్చి చెప్తే అదొక్కటే అడుగుతరా? అన్ని అడుగుతరు. వద్దు."

అప్పుడు అతను దేనికి భయపడుతున్నాడో నాకు పూర్తిగా అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే వద్దనగానే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏడింటికి తలుపు తీశారు. వాఫుల్స్ చల్లగా ఉన్నాయి.

టుకుంకేరి ముందు

ఆల్బకర్కీ దాటాక భూమి బల్లపరుపు. ట్రక్కు వెనక ట్రక్కు. సాంటా రోసా పోయాక భాస్కర్ మైలు రాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట "ఆపన్నా" అన్నాడు.

న్యూ మెక్సికోలో మనిషి ఎక్కడ పోతే అక్కడ రోడ్డు పక్కన శిలువ నాటుతారు. దారి పొడుగునా చాలా చూశాం. ఇది తెల్లరంగు వేసిన చెక్కది, నడుమెత్తు. ఆర్తురో అని పేరు చెక్కి ఉంది. దాని మెడకి బంతిపూల దండ, పచ్చిగానే ఉంది. చనిపోయినవాళ్లని తలుచుకునే పండగ ఆ వారమే అయిందట, ఆ పండక్కి వాళ్లు బంతిపూలే వాడతారట. మనం గుమ్మానికి కట్టే పూలవి. శిలువ అడుగున ఒక తీపి రొట్టె, గ్రీజు మరకల టోపీ పెట్టి ఉన్నాయి. ఆయన స్కూలు బస్సుల మెకానిక్కు. ఆ ఆదివారం కూతురింటికి భోజనానికి వెళ్తున్నాడు.

ఆ రోజు ముందెక్కడో గుర్రాల ట్రెయిలర్ ఒకటి బోల్తాపడి బళ్లు ఆగిపోయాయి. ఆ వరసలో ఆఖరిది ఆయన పికప్. ఆ ట్రెయిలర్ని ముప్పావు గంటలో పక్కకి లాగేశారని పోలీసు రిపోర్టులో ఉంది. సర్దార్జీ చెప్పినట్టు ఇంకో గంట పడుకుని బయల్దేరి ఉంటే, భాస్కర్ వచ్చేసరికి ఈ రోడ్డు ఖాళీగా ఉండేది. లాయర్లు అడిగే ప్రశ్న, పడుకున్నాడా లేదా అని. నన్ను తినేస్తున్నది ఈ లెక్క.

"కండ్లు తెరిచే ఉన్నయన్నా," అన్నాడు భాస్కర్. "బండ్లు కనిపిస్తున్నయి. ఆగినయని మనసుకు ఎక్కలేదు."

వంగి, గాలికి పక్కకి జరిగిన టోపీని సరిగ్గా పెట్టబోయాడు. ముట్టుకోకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ట్రక్కులు పోతుంటే ఆ గాలికి శిలువ కొద్దిగా ఊగుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను. అతను ఏడవలేదు.

అమరిల్లో

ఇక్కడ ఆవుల దొడ్ల వాసన ఊరంతా ఉంటుంది. సోమవారం లాయరు ఆఫీసున్న భవనం కింద, సోఫాలో, పొద్దున్నుంచీ కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల విరామంలో భాస్కర్ దిగి వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"టైమ్ చేంజ్ కరెక్షన్ అని ఎందుకు రాసినవ్ అని నాలుగు సార్లు అడిగిన్రు. నాకే తట్టిందని చెప్పిన." నీళ్లు తాగాడు. "ఫోన్ రికార్డు తీసిన్రన్నా. పదకొండు నిమిషాలు ఎవరితోనని. దోస్తుతో అని చెప్పిన. ఇంటి సంగతులు మాట్లాడుకున్నమని."

"ప్రమాణం చేసి చెప్పావా?"

"చేసే చెప్పిన."

అతను ఆర్తురో విషయంలో చేసింది తప్పు. ఇది అబద్ధం, అదీ నాకోసం. తెలిసిపోతే లైసెన్సుతో ఆగదు. నేను లిఫ్టు దగ్గరికి నడిచాను. వెనకనుంచి "అన్నా, వద్దు" అన్నాడు. రెండోసారి అనలేదు.

పైన కంపెనీ తరఫు లాయరమ్మ సాండ్‌విచ్ తింటోంది. ఆ ఫోన్‌లో మాట్లాడింది నేనే, లాగ్‌లో రాసిన ఆ మూడు మాటలూ నావి, అని చెప్పాను. ఆవిడ సాండ్‌విచ్ కింద పెట్టి, మీకంటూ వేరే లాయరున్నారా అని అడిగింది. లేరన్నాను. మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయే హక్కు మీకుందంది. వెళ్లనన్నాను. ఆ రోజుకి ఆపేసి, రెండు పక్షాలూ మాట్లాడుకుని, మర్నాడు భాస్కర్ తన మాట దిద్దుకున్నాక నా వాంగ్మూలం తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

తిరుగు ప్రయాణం ఒక్కణ్నే చేశాను. భాస్కర్ విమానంలో వెళ్లిపోయాడు. ఆ దారి గురించి రాయడానికేం లేదు, మూడు రోజులు పెట్రోల్ బంకుల్లో కాఫీ తాగాను. కేసు ఇంకా నడుస్తోంది. కంపెనీ అతన్ని తీసేసింది. ఎదురింటి వరసలోనే ఉంటాడు, కనిపిస్తే తల ఊపుతాడు.

మంగళవారం సంగతి మిగిలింది. గదిలో పొడుగాటి బల్ల. ఎదురుగా ఆర్తురో భార్య. సన్నటి మనిషి, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. పక్కన భాస్కర్, బల్లకేసి చూస్తున్నాడు. ఆమె లాయరు ముసలాయన, మెల్లగా మాట్లాడతాడు. మెషీన్ గురించీ దిద్దుబాటు గురించీ అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. అయిపోయిందనుకున్నాను.

"ఇంకొకటి," అన్నాడు. "ఆ ఫోన్‌లో ఆయన తన నిద్ర గురించి ఏమైనా చెప్పాడా?"

గ్యాలప్‌లో భాస్కర్ వద్దన్నది దీనికేనని అప్పుడు అర్థమైంది. చెప్పలేదంటే అతనికి మేలు, నాకూ మేలు. ప్రమాణం చేసి కూర్చున్నాను. ఆర్తురో భార్య నన్నే చూస్తోంది.

"చెప్పాడు," అన్నాను. "పక్కన రీఫర్ మోగుతూనే ఉందనీ, రాత్రంతా కన్ను మూయలేదనీ చెప్పాడు."

భాస్కర్ కళ్లు మూసుకున్నాడు.

"దానికి మీరేమన్నారు?"

"మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో చూడమన్నాను."